విదేశాల నుంచి సొంత వాడకానికి వస్తువులు తెప్పించుకుంటే: కస్టమ్స్ లెక్క, కాగితాలు, చిక్కులు

ప్రశ్న: వేసవిజల్లు

నమస్కారమండీ. సొంత వాడకానికి మూడు వస్తువులు వేరే దేశాల నుంచి తెప్పించుకోవాలి. ఏదీ తిరిగి అమ్మడానికి కాదు.

ఒకటి, వైర్‌లెస్ మెకానికల్ కీబోర్డు. కొత్తది, ఆన్‌లైన్ దుకాణం నుంచి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది. విడిగా ఇంకో స్పేర్ బ్యాటరీ కూడా తీసుకోవాలని ఉంది. రెండోది వాడిన కెమెరా లెన్సు. అమ్మేది దుకాణం కాదు, ఒక వ్యక్తి. మూడోది అకౌస్టిక్ గిటారు. వెనకభాగం, పక్కలు రోజ్‌వుడ్. గట్టి కేసుతో కలిపి పంపుతామంటున్నారు.

పన్ను మొత్తం ఎంత పడుతుందో డబ్బు కట్టకముందే లెక్క వేసుకోవచ్చా? పోస్టు మేలా, కొరియర్ మేలా? లెన్సు అమ్మే ఆయన "గిఫ్ట్ అని రాసి విలువ తగ్గించి వేస్తాను, మీకే లాభం" అంటున్నారు, ఒప్పుకోవచ్చా? వస్తువు బాగోలేక తిప్పి పంపితే కట్టిన సుంకం వెనక్కి వస్తుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: తూకంరాయి

వేసవిజల్లు గారూ, లెక్క ముందే వేసుకోవచ్చు. దానికి నాలుగు సంగతులు చేతిలో ఉండాలి: వస్తువు ఏ కోడ్ కిందికి వస్తుంది, ఎక్కడ తయారైంది, కస్టమ్స్ దాని విలువగా దేన్ని తీసుకుంటుంది, మీ దేశంలో సుంకం మీద ఇంకే పన్నులు పడతాయి.

ముందు కోడ్. ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన, ప్రతి రకం వస్తువుకూ అంకెల కోడ్ ఇచ్చే హెచ్‌ఎస్ పద్ధతి 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇందులో మొదటి ఆరు అంకెలు దాదాపు అన్ని దేశాలకూ ఒకటే, ఆ తర్వాతి అంకెలు ఏ దేశానివి ఆ దేశానివే. కాబట్టి అమ్మేవారు ఇచ్చిన ఎనిమిది, పది అంకెల కోడ్‌ను మీ దేశపు పట్టికలో యథాతథంగా వెతికితే దొరక్కపోవచ్చు. మొదటి ఆరు అంకెలు పట్టుకుని, అక్కడి నుంచి మీ పట్టికలోకి దిగండి.

మీ మూడింటికీ ఆరు అంకెలు ఇవి. కంప్యూటర్ కీబోర్డు 8471.60. వైరున్నా లేకున్నా అదే. కెమెరాకు తగిలించే లెన్సు 9002.11. కొత్తదైనా వాడినదైనా కోడ్ మారదు. అకౌస్టిక్ గిటారు 9202.90. అదే ఎలక్ట్రిక్ గిటారైతే 9207.90 అవుతుంది, కాబట్టి ఇన్వాయిస్ మీద ఉత్త "గిటారు" అని రాస్తే చాలదు, "అకౌస్టిక్" అన్న మాట ఉండాలి.

గిటారు కేసు గురించి ఒక మాట. వర్గీకరణకు ఆరు సాధారణ నియమాలున్నాయి. అయిదో నియమం మొదటి భాగం ప్రకారం, ఒక వస్తువు కోసమే మలచిన, ఏళ్ల తరబడి వాడుకునే కేసు ఆ వస్తువుతో కలిసి వస్తే, వస్తువు కోడ్‌లోకే కేసూ వెళ్తుంది. కేసు విడిగా, వేరే పార్సిల్‌లో వస్తే అది 4202 కిందికి, అంటే పెట్టెలూ సంచుల వరుసలోకి పోతుంది. ఆ రేటు వేరు, చాలాచోట్ల ఎక్కువ కూడా. గిటారును కేసులోనే పెట్టి ఒకే పార్సిల్‌గా, ఇన్వాయిస్‌లో ఒకే వరుసగా రాసి పంపమనండి.

ఇక విలువ. అందరూ తప్పు పడేది ఇక్కడే. చాలా దేశాలు వస్తువు ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపి వచ్చిన మొత్తం మీద సుంకం వేస్తాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటివి మాత్రం సుంకానికి అంతర్జాతీయ రవాణాను కలపవు. మీది ఏ పద్ధతో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత అమ్మకపు పన్ను లాంటిది సుంకం కలిపిన మొత్తం మీద పడుతుంది, వట్టి ధర మీద కాదు.

ఉదాహరణకు వస్తువు ధర 200, రవాణా 40, బీమా 4 అనుకుందాం. సుంకం 10 శాతం, పన్ను 20 శాతం అనుకుందాం. ఈ రేట్లు లెక్క చూపడానికి మాత్రమే. కస్టమ్స్ విలువ 244. సుంకం 24.40. రెండూ కలిపితే 268.40. దాని మీద 20 శాతం పన్ను 53.68. ప్రభుత్వానికి కట్టేది మొత్తం 78.08. "పదీ ఇరవై ముప్పై శాతం, 200 మీద 60" అని నోటిలెక్క వేసినవారికి ఇక్కడ 18 తేడా వస్తుంది. దీని మీద కొరియర్ వాళ్ల రుసుము వేరే.

మారకపు రేటు విషయంలోనూ జాగ్రత్త. మీ కార్డు బ్యాంకు వేసిన రేటుతో కస్టమ్స్‌కు పని లేదు. వాళ్లు ప్రకటించే రేటు ఉంటుంది, డిక్లరేషన్ (వస్తువు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే ప్రకటన) దాఖలైన నాడు ఏది అమల్లో ఉందో అదే లెక్క. కార్డు మీద పడే విదేశీ లావాదేవీ రుసుము వస్తువు విలువలోకి రాదు.

తగ్గింపుల సంగతి కూడా చెప్పాలి. కొనేటప్పుడే ఇన్వాయిస్‌లో తగ్గించిన కూపన్ అయితే తగ్గిన ధరే విలువ. గిఫ్ట్ కార్డుతో కట్టిన భాగం మాత్రం తగ్గింపు కాదు, అదీ మీరు కట్టిన డబ్బే. ఆర్డర్ అయ్యాక బ్యాంకు ఇచ్చే క్యాష్‌బ్యాక్‌ను విలువలోంచి తీసేయరు.

తయారైన దేశం, పంపిన దేశం వేరువేరు కావచ్చు. సుంకం రేటు తయారైన దేశాన్ని బట్టి ఉంటుంది. రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం ఉంది కదా అని రాయితీ దానంతటదే రాదు. వస్తువు అక్కడే పుట్టిందన్న ప్రకటన ఇన్వాయిస్ మీదో, విడి పత్రంగానో ఉండాలి.

జవాబు: టపాసంచి

పోస్టా, కొరియరా అన్నదానికి మూడు వస్తువులకూ ఒకే జవాబు లేదండీ. ముందు రెండు దారులకూ తేడా చూడండి.

పోస్టులో వస్తే పార్సిల్ మీ దేశపు విదేశీ టపా కార్యాలయంలో దిగుతుంది. అక్కడి కస్టమ్స్ అధికారులు లేబుల్ చూసి సుంకం ఎంతో లెక్క వేస్తారు, టపా శాఖ ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేస్తుంది. చేతి ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ, మధ్యలో మాట్లాడటానికి మనిషి దొరకడం కష్టం. కొరియర్‌లో అయితే విమానం గాల్లో ఉండగానే వాళ్ల బ్రోకర్ మీ పేరున డిక్లరేషన్ వేసేస్తాడు. పని త్వరగా అవుతుంది. దానికి క్లియరెన్స్ రుసుము, మీ తరఫున సుంకం ముందుగా కట్టినందుకు అడ్వాన్స్ రుసుము, మీరు కాగితాలు ఆలస్యం చేస్తే గోదాము అద్దె, ఇలా వరుసగా పడతాయి. చిన్న వస్తువుకు ఒక్కోసారి సుంకం కన్నా ఈ రుసుములే ఎక్కువ.

పోస్టు పార్సిల్‌కు సీఎన్ 22, సీఎన్ 23 అని రెండు ఫారాలున్నాయి. విలువ 300 ఎస్‌డీఆర్ వరకు సీఎన్ 22 చిన్న లేబుల్ చాలు, అది దాటితే సీఎన్ 23 నింపాలి. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల కొలమానం, దాని విలువ రోజూ మారుతుంది. 2021 జనవరి 1 నుంచి వస్తువులున్న టపాకు ఈ వివరాలు ఎలక్ట్రానిక్‌గా కూడా ముందే పంపాలని ప్రపంచ తపాలా సమాఖ్య నియమం. చేత్తో రాసిన లేబుల్ ఒకలా, కంప్యూటర్‌లో ఎక్కించింది ఒకలా ఉంటే పార్సిల్ పక్కకు పోతుంది. మీకు లెన్సు అమ్మేది వ్యక్తి కాబట్టి ఈ ప్రమాదం ఎక్కువ. ఫారం ఆన్‌లైన్‌లో నింపి, ప్రింటు తీసి అంటించమనండి.

వివరణ ఎలా రాయాలో కూడా మీరే రాసిచ్చేయండి, వాళ్లకు వదలొద్దు. "ఎలక్ట్రానిక్ పరికరాలు", "విడి భాగాలు", "వ్యక్తిగత వస్తువులు" అన్న మాటలు అధికారికి ఏమీ చెప్పవు. ఏమీ చెప్పని పెట్టెనే తెరుస్తారు. "కెమెరా లెన్సు, 50 మిల్లీమీటర్లు, వాడినది, 1, సీరియల్ నంబర్ ఫలానా, 9002.11, తయారీ దేశం ఫలానా, ధర ఫలానా" అని ఉండాలి. పేరు మీ గుర్తింపు పత్రంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ముద్దుపేరుతోనో పొట్టి పేరుతోనో ఆర్డర్ పెట్టినవాళ్లకు గుర్తింపు సరిపోల్చే దగ్గరే ఆగిపోతుంది. ఫోన్ నంబర్ దేశపు కోడ్‌తో సహా ఇవ్వండి.

ఇక కొలతలు. గిటారు పెట్టె సుమారు 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 20 ఎత్తు అనుకోండి. కొరియర్లు సాధారణంగా మూడు కొలతలూ గుణించి 5000తో భాగిస్తారు. 120, 50, 20 గుణిస్తే 1,20,000. భాగిస్తే 24 కిలోలు. గిటారూ కేసూ కలిపి నిజంగా ఆరేడు కిలోలే ఉన్నా 24 కిలోల ఛార్జీ పడుతుంది. పైన తూకంరాయి గారు చెప్పిన లెక్కలో రవాణా ఖర్చు విలువలో కలిసే దేశమైతే, ఈ ఉత్తి గాలి బరువు మీద కూడా సుంకం కట్టినట్టే. పెట్టె పది సెంటీమీటర్లు తగ్గినా రెండు చోట్ల మిగులుతుంది. మరి పోస్టులో పంపుదామంటే, కొన్ని దేశాలు ఏ వైపైనా 1.05 మీటర్లు దాటిన పార్సిల్ తీసుకోవు, కొన్ని 1.5 మీటర్ల దాకా తీసుకుంటాయి. పంపే దేశం, అందుకునే దేశం రెండూ ఒప్పుకోవాలి. కాబట్టి గిటారుకు కొరియర్, లెన్సుకు పోస్టు అన్నది నా మాట.

దుకాణం వాళ్లు "డీడీపీ" అంటే సుంకాలన్నీ వాళ్లే కడతారని, "డీఏపీ" అంటే మీ ఇంటి దాకా తెస్తారు గానీ సుంకం మీదేనని అర్థం. ఇంకోమాట, "ఉచిత రవాణా" అన్నది డీడీపీ కాదు. ఆ రెంటికీ సంబంధమే లేదు.

జవాబు: గట్టుమీదిచెట్టు

పై ఇద్దరూ వదిలేసినది ఒకటుంది: కనీస పరిమితి. ఇంత విలువ లోపు పార్సిల్‌కు సుంకం లేదు అన్న నియమం చాలా దేశాల్లో ఉంది గానీ, పాత వ్యాసాలు చదివి దాన్ని నమ్ముకోకండి. ఐరోపా కూటమి 22 యూరోల లోపు వస్తువులకున్న వ్యాట్ మినహాయింపును 2021 జూలై 1న ఎత్తేసింది. అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకున్న మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల సరుకుకూ ఆపేసింది. ఆర్డర్ పెట్టే వారంలో మీ కస్టమ్స్ శాఖ సొంత వెబ్‌సైట్‌లో ఏముందో చూసుకోవడమే దారి.

పరిమితి సుంకానికి వేరు, అమ్మకపు పన్నుకు వేరు కావచ్చు. ఆస్ట్రేలియా 2018 జూలై 1 నుంచి 1000 ఆస్ట్రేలియా డాలర్ల లోపు వస్తువుల మీద కూడా అమ్మేవారి చేతే పన్ను వసూలు చేయిస్తోంది. బ్రిటన్ 2021 జనవరి 1 నుంచి 135 పౌండ్ల లోపు వాటికి అదే చేస్తోంది. ఇలాంటిచోట దుకాణం బిల్లు కట్టేటప్పుడే పన్ను తీసుకుంటుంది. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్ పార్సిల్ తాలూకు ఎలక్ట్రానిక్ సమాచారంలో వెళ్లకపోతే ఇంటి దగ్గర మళ్లీ పన్ను అడుగుతారు. పన్ను విడిగా చూపిన బిల్లు దాచుకోండి, రెండోసారి కట్టినది తిరిగి అడగడానికి అదొక్కటే ఆధారం.

ఒక ఆర్డర్‌ను మూడు చిన్న పార్సిళ్లుగా విడగొడితే పరిమితి లోపు ఉంటుందన్న ఆలోచన కూడా పనికిరాదు. ఒకే పంపేవారు, ఒకే అందుకునేవారు, ఒకే రోజు వస్తే వాటిని కలిపి చూసే అధికారం వాళ్లకుంటుంది.

జవాబు: చందనపేటిక

నేను బ్యాటరీ, రోజ్‌వుడ్ రెండే మాట్లాడతాను. ఈ రెండింట్లో సుంకం కట్టి బయటపడే వీలు ఉండదు. తప్పయితే వస్తువే పోతుంది.

బ్యాటరీ. కీబోర్డు లోపల బిగించి ఉన్నది యూఎన్ 3481 (ప్రమాదకర సరుకుల రవాణాకు ఐక్యరాజ్య సమితి ఇచ్చిన నంబర్). విడి బ్యాటరీ యూఎన్ 3480. రెండూ ఒకే రకం సెల్ అయినా, రవాణా నియమాల్లో వేరువేరు. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడాన్ని 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. సరుకు విమానంలో పంపాలన్నా బ్యాటరీలో ఛార్జి 30 శాతం మించి ఉండకూడదు. మామూలు అంతర్జాతీయ పోస్టులో విడి బ్యాటరీ తీసుకోరు. కాబట్టి ఆ స్పేర్ బ్యాటరీ ఆలోచన వదిలేయండి. దానివల్ల కీబోర్డు కూడా పంపిన దేశంలోనే ఆగిపోతుంది. అలా ఆగినది మీ కస్టమ్స్ దాకా రానే రాదు, ట్రాకింగ్‌లో వారాల తరబడి అక్కడే కనిపిస్తుంది.

కీబోర్డులో ఉన్నదాని సామర్థ్యం వాట్-అవర్లలో తెలుసుకోండి. మిల్లీ ఆంపియర్-అవర్లను వోల్టులతో గుణించి 1000తో భాగించాలి. 4000 ఉంటే, 3.7 వోల్టులతో గుణిస్తే 14,800, భాగిస్తే 14.8 వాట్-అవర్లు. 100 లోపు కాబట్టి సులభమైన నియమాలే వర్తిస్తాయి. పంపేటప్పుడు స్విచ్ ఆపి ఉంచమనండి, దారిలో దానంతటది ఆన్ కాకూడదు. వైర్‌లెస్ పరికరం కాబట్టి మీ దేశంలో రేడియో పరికరాల అనుమతి కావాలేమో కూడా చూసుకోండి. సొంత వాడకానికి ఒక్కటి తెచ్చుకుంటే మినహాయించే దేశాలున్నాయి, మినహాయించనివీ ఉన్నాయి.

రోజ్‌వుడ్. అంతరించిపోతున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో డాల్బెర్జియా జాతి చెట్లన్నిటినీ 2017 జనవరి 2 నుంచి రెండో అనుబంధంలో చేర్చారు. అప్పట్లో ఒక్క గిటారుకూ అనుమతిపత్రం కావాల్సి వచ్చింది. 2019 నవంబర్ 26 నుంచి తయారైన వాద్యాలు, వాటి విడి భాగాలు, ఉపకరణాలకు మినహాయింపు ఇచ్చారు. ఇప్పుడు మామూలు రోజ్‌వుడ్ గిటారుకు ఆ అనుమతి అక్కర్లేదు. అయితే బ్రెజిల్ రోజ్‌వుడ్, అంటే డాల్బెర్జియా నైగ్రా, 1992 నుంచి మొదటి అనుబంధంలో ఉంది. దానికి ఈ మినహాయింపు వర్తించదు. పత్రం లేకుండా సరిహద్దు దాటితే స్వాధీనం చేసుకుంటారు.

అధికారి కర్ర చూసి ఏ జాతో చెప్పలేడు, అతను చూసేది కాగితం. "రోజ్‌వుడ్" అని మాత్రమే ఉంటే అనుమానం వచ్చి ఆపుతాడు. ఇన్వాయిస్ మీద శాస్త్రీయ నామం ఉండాలి: వెనక, పక్కలు డాల్బెర్జియా లాటిఫోలియా, పైపలక ఫలానా, ఫ్రెట్‌బోర్డు ఫలానా అని. తయారైన సంవత్సరం కూడా. పాత గిటారైతే తీగలు ఆనే నట్, బ్రిడ్జి దగ్గరి పిన్నులు ఏనుగు దంతమా, ఎముకా, ప్లాస్టిక్కా అని తప్పక అడగండి. దంతం ఆవగింజంత ఉన్నా అది వేరే కథ. తాబేటి చిప్ప అలంకరణ ఉన్నా అంతే.

చెక్క పెట్టెలో వేసి పంపుతామంటే ఐఎస్‌పీఎమ్ 15 ముద్ర ఉందో లేదో చూసుకోండి. ఆరు మిల్లీమీటర్ల కన్నా మందమైన పచ్చి చెక్క ప్యాకింగ్‌ను పురుగు పోయేలా శుద్ధి చేయాలి. వేడితో చేస్తే కర్ర లోపలి భాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉంచాలి. గోధుమ కంకి ఆకారపు ఆ ముద్ర లేకపోతే మొక్కల క్వారంటైన్ వాళ్లు పెట్టెను ఆపేస్తారు, లోపల గిటారు ఎంత చట్టబద్ధమైనదైనా సరే. అట్టపెట్టెకు ఈ గొడవ లేదు. ఎండుగడ్డి పెట్టి ప్యాక్ చేయొద్దని మాత్రం చెప్పండి.

ప్రశ్నకర్త: వేసవిజల్లు

అందరికీ ధన్యవాదాలు. స్పేర్ బ్యాటరీ తీసేస్తున్నాను. గిటారు ఇన్వాయిస్ ఎలా రాయాలో అర్థమైంది. లెన్సు సంగతే ఇంకా తేలలేదు. గిఫ్ట్ అని రాస్తే అసలు ఏమవుతుంది? వాడిన వస్తువు కదా, విలువ తక్కువే ఉండాలి కదా? రశీదు కూడా ఉండదు. వ్యక్తి కాబట్టి ఇన్వాయిస్ ఇవ్వలేరు.

జవాబు: తూకంరాయి

గిఫ్ట్ అని రాయనివ్వకండి. ఈ ఒక్క మాటలో మీరు రాజీ పడొద్దని గట్టిగా చెబుతున్నాను.

గిఫ్ట్ అంటే డబ్బు చేతులు మారకుండా ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి పంపేది. ఐరోపా కూటమిలో దానికి మినహాయింపు 45 యూరోల దాకానే. మిగతా దేశాల్లోనూ పరిమితులు చిన్నవే, కొన్నిచోట్ల మినహాయింపే లేదు. అంటే నిజమైన గిఫ్ట్ అయినా లెన్సు లాంటి వస్తువుకు సుంకం తప్పదు. అబద్ధం చెప్పి సాధించేది ఏమీ లేదు, పోగొట్టుకునేది మాత్రం ఉంది.

విలువ తక్కువ వేస్తే జరిగేది ఇదీ. అధికారి లెన్సు పేరు వెతికి మార్కెట్ ధర చూస్తాడు. అనుమానమొస్తే చెల్లింపు రుజువు అడుగుతాడు. ఆ హక్కు ప్రపంచ వాణిజ్య సంస్థ విలువ నిర్ధారణ ఒప్పందం 17వ అధికరణలో ఉంది. మీరు చూపలేకపోతే, లేదా చూపినది లేబుల్‌తో కలవకపోతే, మీ ధరను పక్కనపెట్టి అలాంటి వస్తువుల ధరలను బట్టి తానే విలువ కడతాడు. అది మీరు నిజంగా కట్టిన ధర కన్నా ఎక్కువ రావచ్చు. పైగా జరిమానా. డిక్లరేషన్‌లో దిగుమతిదారు మీరు కాబట్టి దానికి జవాబుదారీ మీరే, రాసింది ఆయనే అయినా. పార్సిల్ పోయిందనుకోండి, పరిహారం రాసిన విలువ దాటి రాదు.

నిజం రాస్తేనే మీకు లాభం, ఎందుకంటే వాడిన వస్తువుకు చట్టప్రకారం విలువ అంటే మీరు కట్టిన ధరే. కొత్త లెన్సు ధర కాదు. అది నిరూపించడానికి ఇన్వాయిస్ ఉండి తీరాలని లేదు. అమ్మకపు ప్రకటన తాలూకు స్క్రీన్‌షాట్, అందులో వస్తువు ఫొటో, గీతలూ మచ్చల వివరం, ధర కనిపించాలి. బేరమాడి తగ్గించుకుంటే ఆ సంభాషణ, తేదీలతో. డబ్బు పంపిన రశీదు, ఆయన పేరు, మీ పేరు ఉన్నది. చివరగా ఆయన ఒక తెల్లకాగితం మీద "ఫలానా సీరియల్ నంబర్ గల వాడిన లెన్సును ఫలానా తేదీన ఫలానా ధరకు ఫలానా వారికి అమ్మాను" అని రాసి సంతకం పెట్టినది. దాని ఒక ప్రతి పార్సిల్ పైన సంచిలో, ఒకటి లోపల, ఒకటి మీ దగ్గర. లేబుల్ మీద "వాడినది" అన్న మాట మరవొద్దు. అది లేకపోతే కొత్తదాని ధర పట్టుకుంటారు.

జవాబు: టపాసంచి

ట్రాకింగ్ చదవడం కూడా తెలిసుంటే ఆందోళన తగ్గుతుంది. పోస్టు నంబర్‌లో 13 అక్షరాలుంటాయి: ముందు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశపు రెండక్షరాల కోడ్. మొదటి అక్షరం ఈ (E) అయితే స్పీడ్ పోస్టు తరహా, సీ (C) అయితే పార్సిల్, ఆర్ (R) అయితే రిజిస్టర్డ్. యూ తో మొదలైతే ట్రాకింగ్ పూర్తిగా ఉండదు, లెన్సును అలా పంపనివ్వకండి.

"దిగుమతి కస్టమ్స్‌కు సమర్పించారు" అని కనిపిస్తే చిక్కేమీ లేదు, ప్రతి పార్సిలూ ఆ మెట్టు దాటాలి. "కస్టమ్స్ నిలిపి ఉంచింది" అని వచ్చిందంటే వాళ్లు ఏదో కాగితం కోసం చూస్తున్నట్టు. అప్పుడు ఉత్తరమో ఈమెయిలో వచ్చేదాకా కూర్చోకుండా మీరే కనుక్కోండి. ఉచితంగా ఉంచే రోజులు పార్సిల్ దిగిన నాటి నుంచే లెక్క, మీకు కబురు అందిన నాటి నుంచి కాదు. కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేసి, ట్రాకింగ్ నంబర్‌ను విషయపు వరుసలో పెట్టి పంపండి. నాలుగు మెయిళ్లలో నాలుగు ఫొటోలు పంపితే ఒకటి చూస్తారు, మూడు చూడరు.

"మీ పార్సిల్ ఆగింది, ఈ లింకు నొక్కి కొద్ది మొత్తం కట్టండి" అన్న సందేశాలు మీరు నిజంగా ఏదైనా ఆర్డర్ పెట్టిన వారంలోనే వస్తే నమ్మేస్తారు. లింకు నొక్కొద్దు. పోస్టు లేదా కొరియర్ వెబ్‌సైట్‌కు మీరే వెళ్లి, మీ దగ్గరున్న నంబర్ మీరే టైపు చేసి చూడండి. బాకీ నిజమైతే అక్కడా కనిపిస్తుంది.

జవాబు: గట్టుమీదిచెట్టు

తిప్పి పంపడం గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

దుకాణం మీకు ధర వెనక్కి ఇస్తుంది. సుంకం ఇచ్చేది దుకాణం కాదు, కస్టమ్స్. దానికి విడిగా దరఖాస్తు చేయాలి. చాలా దేశాల్లో షరతు ఒకటే: వచ్చిన వస్తువే వెళ్తోందని, పెద్దగా వాడలేదని రుజువు కావాలి. ఆ రుజువు పుట్టేది వస్తువు దేశం దాటకముందే. ముందు పార్సిల్ పంపేసి ఆ తర్వాత డబ్బు అడిగితే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి క్రమం ఇది: దిగుమతి డిక్లరేషన్ ప్రతి తీసుకోండి. కొరియర్ ఇచ్చిన బిల్లు వేరు, డిక్లరేషన్ వేరు. బిల్లు మీద డిక్లరేషన్ నంబర్ ఉండకపోవచ్చు, అడిగి తెప్పించుకోండి. తర్వాత తిరుగు ఎగుమతికి, వాపసుకు దరఖాస్తు గడువు ఎన్ని రోజులో చూడండి. ఆపై ఎగుమతి డిక్లరేషన్‌లో అదే వివరణ, అదే కోడ్, అదే సీరియల్ నంబర్ వేసి పంపండి. అక్కడ అందినట్టు ట్రాకింగ్, దుకాణం డబ్బు తిరిగి ఇచ్చిన కాగితం జతచేయండి.

సీరియల్ నంబర్ మీదే అంతా ఆధారపడుతుంది. పెట్టె విప్పిన వెంటనే దాని ఫొటో తీసి పెట్టుకోండి. కీబోర్డుకు అడుగున ఉంటుంది. గిటారుకు సౌండ్‌హోల్ లోపలి లేబుల్ మీద గానీ, మెడ పైభాగం వెనక గానీ ఉంటుంది.

సుంకం కట్టకముందే వద్దనుకుంటే పార్సిల్ తీసుకోకుండా నిరాకరించవచ్చు. అప్పుడు పంపినవారికి తిరిగి వెళ్తుంది, సుంకం సాధారణంగా పడదు. కానీ తిరుగు రవాణాకు దుకాణం మీ డబ్బులోంచి కోత పెడుతుందేమో వాళ్ల షరతుల్లో ముందే చూసుకోండి.

మరమ్మతుకు పంపి వెనక్కి తెప్పించుకునేటప్పుడు ఎక్కువమంది దెబ్బతింటారు. కీబోర్డు పాడై వారంటీలో పంపారనుకోండి. పంపేటప్పుడు "మరమ్మతు కోసం తాత్కాలిక ఎగుమతి" అని సీరియల్ నంబర్‌తో నమోదు చేయించాలి. అలా చేస్తే తిరిగి వచ్చేటప్పుడు చాలా దేశాల్లో మరమ్మతు ఖర్చు మీదో, దానికి రవాణా కలిపో పన్ను వేస్తారు, పూర్తి ధర మీద కాదు. చేయకపోతే అది కొత్త దిగుమతే, రెండోసారి పూర్తి సుంకం. కంపెనీ పాతది ఉంచుకుని వేరేది పంపితే సీరియల్ నంబర్ మారుతుంది, కాబట్టి "ఫలానా నంబర్ గల దానికి వారంటీ కింద బదులుగా" అన్న ఉత్తరం కావాలి. ఇన్వాయిస్ మీద విలువ సున్నా అని రాయించకండి. ఉచితంగా వచ్చినా వస్తువుకు విలువ ఉంటుంది, సున్నా కనిపిస్తే ఆపి అడుగుతారు. అసలు విలువ వేసి, పక్కన "వారంటీ బదులు, చెల్లింపు లేదు" అని రాయాలి.

జవాబు: చందనపేటిక

ఒక్క చేర్పు. కోడ్ తప్పు పడి సుంకం ఎక్కువ వేసినా గడువు లోపల సవరణ అడగవచ్చు. అకౌస్టిక్ గిటారును 9207లో వేయడం, కీబోర్డును ఏదో విడి భాగంగా వేయడం మామూలుగా జరిగే పొరపాట్లే. పార్సిల్ అందిన రోజే డిక్లరేషన్‌లోని ఆరు అంకెలు, విలువ, మారకపు రేటు మూడూ మీ లెక్కతో పోల్చి చూడండి. కొరియర్ బ్రోకర్ వేసిన తప్పయితే ముందు బ్రోకర్‌కే రాయండి, దిద్దించే బాధ్యత వాళ్లది. పోస్టులో వచ్చినదైతే పార్సిల్ మీద అంటించిన సుంకం చీటీ చింపి పారేయకండి, దాని మీద నంబర్ లేకుండా అప్పీలు తీసుకోరు.

ప్రశ్నకర్త: వేసవిజల్లు

లెన్సు ఆయనకు ఇప్పుడే రాశాను. గిఫ్ట్ అని వద్దు, కట్టిన ధరే వేయండి, "వాడినది" అని రాయండి అని. కాగితం మీద రాసి సంతకం పెట్టడానికి ఒప్పుకున్నారు. సీరియల్ నంబర్ లెన్సు ముందు భాగంలో కొద్దిగా అరిగిపోయి ఉందట, చివరి రెండంకెలు సరిగా కనిపించడం లేదంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తూకంరాయి

ఊహించి రాయొద్దని చెప్పండి. కనిపించే అంకెలు రాసి, మిగతా రెండు చోట్ల గీతలు పెట్టి, "చివరి రెండంకెలు అరిగినవి" అని కాగితంలోనే రాయమనండి. పక్క వెలుతురులో నంబర్ ఫొటో, లెన్సు వెనక మౌంట్ ఫొటో, ఏదైనా ప్రత్యేకమైన గీతో సొట్టో ఉంటే దాని ఫొటో తీసి అదే పీడీఎఫ్‌లో చేర్చండి. తప్పు నంబర్ రాసి ఉంటే వస్తువు వేరే అనుకుంటారు. అరిగిందని రాసి ఉంటే, ఫొటోతో పోల్చి చూసి వదిలేస్తారు.